పాత రేసు బండికి పెట్రోలు ట్యాంకు: జడ్చర్ల షెడ్డులో ఒక కేసు

బండి ట్రాలీ మీంచి దిగకముందే వాసన దిగింది. ఇంజను నడవక ఏళ్లయిందని చెప్పిన బండికి అంత పచ్చి పెట్రోలు వాసన రాకూడదు. తోక మీది రేకు విప్పి చూస్తే ట్యాంకు అడుగు మూలన తడి కనిపించింది. ఆ తడి మీద ఎంసీల్, ఎంసీల్ కింద ఎండిపోయిన సబ్బు ముద్ద. దారిలో ట్యాంకు కారితే సబ్బు రుద్ది ఇల్లు చేరడం మన లారీ డ్రైవర్లందరికీ తెలిసిన విద్యే. ఈ సబ్బు మాత్రం డ్రైవరు వీపుకు జానెడు దూరంలో ఉంది.

బండి మహబూబ్‌నగర్‌లో ఉండే ఒక పళ్ల డాక్టరు సారుది. మద్రాసు దగ్గరి షోలవరంలో యుద్ధకాలపు రన్‌వే మీద రేసులు జరిగిన రోజుల్లో ఎవరో సొంతంగా కట్టుకున్న ఒంటి సీటు కారు. ముందు ఫియట్ 1100 ఇంజను, గొట్టాల చాసిస్, వెనక యాక్సిలు మీదే కూచున్నట్టుండే సీటు, తోకలో ట్యాంకు. సారు దాన్ని సికింద్రాబాద్‌లో ఒక పాత షెడ్డులో కొని, మూడేళ్లు కూచుని ఇంజను, బ్రేకులు, స్టీరింగు బాగు చేయించుకున్నారు. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాకు మీద దాన్ని తోలాలన్నది ఆయన కోరిక. ట్యాంకు పని చివరికి మిగిలి నా దగ్గరికి వచ్చింది. నా వృత్తి ట్యాంకులు కట్టడమే. నలభై నాలుగో నంబరు హైవే పక్కన లారీ డీజిల్ ట్యాంకులు, నీళ్ల ట్యాంకర్లు, అప్పుడప్పుడూ పోలేపల్లి కంపెనీల స్టీలు పాత్రల పని. రేసు కారు ట్యాంకు కట్టడం ఇదే మొదలు. అందుకే ఈ పనిలో ఎక్కడ తప్పటడుగు వేశానో, ఎక్కడ దిద్దుకున్నానో పూర్తిగా రాస్తున్నా.

పాత ట్యాంకు లెక్క ఇది. 18 గేజి రేకు, ఇత్తడి టాకాలు, 40 లీటర్లు. మూత లారీ రేడియేటరు మూతలాంటిది, పెట్రోలు పోసే గొట్టం జానెడు పొడుగు. గాలి ఆడటానికి పైన తెరిచి వదిలేసిన రాగి పైపు. పెట్రోలు ఎంతుందో చూసుకోవడానికి పక్కన నిలువునా ఒక ప్లాస్టిక్ గొట్టం. అది పసుపుపచ్చగా మారి, గోటితో నొక్కితే పెళుసుగా పగిలింది. డ్రైవరు కుడి భుజం వెనక, ఏ అడ్డూ లేకుండా, నాలుగు రూపాయల ప్లాస్టిక్ గొట్టం మొత్తం ట్యాంకుకు కాపలా కాస్తోందన్నమాట.

సారు మొదట అడిగింది అతుకు వేయమని. "టాకా ఏస్తే అయిపాయె గద మేస్త్రీ, పాత బండి, పాత ట్యాంకే ఉండనీ" అన్నారు. నేను ఒప్పుకోలేదు. నేను పని నేర్చుకున్న రోజుల్లో ఉస్తాద్ దగ్గరికి ఒక పెట్రోలు డ్రమ్ము వచ్చింది. నీళ్లతో కడిగామని తెచ్చినవాళ్లు చెప్పారు. ఆయన కట్టింగ్ టార్చి పెట్టగానే డ్రమ్ము మూత ఊడి షెడ్డు పైరేకును తాకింది. ఉస్తాద్ ఎడమచేతి రెండు వేళ్లు ఆ రోజు పోయినవే. పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు నూటికి 1.4 పాళ్ల నుంచి 7.6 పాళ్ల దాకా ఉంటే అంటుకుంటుంది. నిండు ట్యాంకులో మన ఎండకు ఆవిరి అంతకంటే చిక్కగా ఉంటుంది కాబట్టి లోపల అంటుకునే గాలి ఉండదు. ఖాళీ చేసి, మూత తీసి, గాలి తగలనిచ్చిన ట్యాంకే సరిగ్గా ఆ పాళ్లకు దిగుతుంది. తుప్పు పొరల్లో, టాకా సందుల్లో దాగిన చెంచాడు పెట్రోలు చాలు. అంతదాకా పోనవసరం కూడా లేదు. పంపుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత తుప్పును కదిలిస్తుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. 1970ల ట్యాంకు దానికోసం పుట్టలేదు.

"అయితే 2 ఎమ్మెం స్టీలు రేకుతోటి కొత్తది కట్టు. ఏది తగిలినా పగలొద్దు" అన్నారు సారు. సరే అన్నాను. ఇక్కడే నా తప్పు. నాకు స్టీలు రేకు చేతిలో పని, నా దగ్గర టిగ్ వెల్డింగు చేసే పిల్లగాడు పోలేపల్లిలో మందుల కంపెనీల పాత్రలు చేసి వచ్చినవాడు, వాడి టాకా అద్దంలా ఉంటుంది. చేతికి వచ్చిన పనినే మంచి పని అనుకున్నాను. డ్రాయింగు కూడా గీశాను.

రేకు కోయడానికి ముందు రోజు షెడ్డు వెనక పడి ఉన్న సామాను చూస్తుంటే అనుమానం వచ్చింది. హైవే మీద దెబ్బతిన్న లారీల ట్యాంకులు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. వాటిలో రేకు మధ్యలో చిరిగినవి దాదాపు లేవు. అన్నీ మూల దగ్గర, టాకా వెంబడి, లేదా గొట్టం మొదట్లో చీలినవే. అందుకని ఒక పరీక్ష పెట్టుకున్నాం. మిగిలిపోయిన 2 మి.మీ. స్టీలు పెట్టె ఒకటి, అంబాసిడర్ కారు పాత ట్యాంకు ఒకటి. అంబాసిడర్‌ది పలుచని ప్రెస్ రేకు, మూలలన్నీ గుండ్రం. రెండింట్లోనూ 25 లీటర్ల నీళ్లు పోసి, చైన్ బ్లాకుతో 3 మీటర్లు ఎత్తి, నేల మీద నిలబెట్టిన యాంగిల్ అంచు మీదికి వదిలాం.

స్టీలు పెట్టెకు చిన్న సొట్టే పడింది. కానీ దెబ్బ తగిలిన చోట కాదు, దానికి ఎదురు మూలన బెత్తెడు చీలిక తెరుచుకుంది. పిల్లగాడు కూచుని వేలితో తడిమి చూశాడు. "అన్నా, నా టాకా పోలే. టాకా పక్కన రేకు పోయింది." నిజమే. టాకా కడ్డీలా గట్టిగా నిలబడింది, వంగాల్సిన దెబ్బంతా దాని అంచున ఉన్న సన్నటి గీత మీద పడింది. మందం రేకు నలగదు, నలగనిది దెబ్బను మూలకు పంపుతుంది. అంబాసిడర్ ట్యాంకు తట్టలా లోపలికి సొట్టపోయింది, ఒంట్లో ఎక్కడా చుక్క కారలేదు. అయితే పెట్రోలు పోసే గొట్టం మొదట్లో ఊడిపోయి నీళ్లన్నీ అక్కడినుంచి పోయాయి. అమెరికాలో ఫోర్డ్ పింటో కార్లను 1978లో వెనక్కి పిలిపించింది ఇలాంటి రెండు లోపాలకే. వెనకనుంచి గుద్దితే గొట్టం ట్యాంకులోంచి ఊడేది, వెనక యాక్సిలు మధ్య ఉండే గేర్ల డబ్బా, అంటే డిఫరెన్షియల్, దాని బోల్టులు ట్యాంకును పొడిచేవి.

ఆ సాయంత్రం డ్రాయింగు చింపేశాను. రేకు గట్టిదా కాదా అన్న ప్రశ్న పక్కకు పెట్టాను. ట్యాంకు నలిగిపోయింది, బండి బోర్లా పడింది అనుకుని, అప్పుడు పెట్రోలు ఏ దారిన బయటికి వస్తుందో ఒక్కొక్క దారే వెతకడం మొదలుపెట్టాను.

రేసు లోకం ఈ పాఠం చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 1964లో అమెరికాలో జరిగిన ఇండియానాపొలిస్ 500 రేసులో డ్రైవర్లు డేవ్ మెక్‌డొనాల్డ్, ఎడ్డీ సాక్స్ పెట్రోలు మంటల్లో పోయిన తరువాతే అక్కడ ట్యాంకుల నియమాలు బిగిశాయి. 1973లో నెదర్లాండ్స్‌లోని జాండ్‌ఫోర్ట్ ట్రాకు మీద రోజర్ విలియమ్సన్ కారు బోర్లా పడి అంటుకుంది. తోటి డ్రైవరు డేవిడ్ పర్లీ తన కారు ఆపి, ఒక్కడే పరుగెత్తి వెళ్లి కారును తిప్పబోయాడు, కుదరలేదు. గుద్దుకున్న దెబ్బకు పోలేదు ఆ మనిషి, మంటకు పోయాడు. ఆ ఫోటోలు నేను సారుకు చూపించాను. చూపించాలనే అనిపించింది. ఖర్చు మాట వచ్చినప్పుడు మళ్లీ బేరం జరగలేదు.

మొదటి నిర్ణయం ట్యాంకు ఎంత ఉండాలన్నది. సారు 40 లీటర్లు అలాగే కావాలన్నారు, అసలు బండి అలాగే ఉండేదని. కాగితం మీద లెక్క వేశాం. ఒక్క విడత 20 నిమిషాలు. గంటకు 90 కిలోమీటర్ల సగటు వేసుకున్నా 30 కిలోమీటర్లు. రేసు తోలుడులో లీటరుకు 4 కిలోమీటర్లే వచ్చిందనుకున్నా 8 లీటర్లకు మించి పట్టదు. 20 లీటర్ల ట్యాంకు చాలు, ఇంకా మిగులుతుంది. మిగతా 20 లీటర్లు డ్రైవరు వీపు వెనక పెట్టుకుని తిరగడం దేనికి? పాత బండి రూపం పోతుందని సారుకు బాధ ఉంది, అది నేను అర్థం చేసుకోగలను. తోక రేకు బయటికి అలాగే ఉంచాం, లోపల మారింది.

తరువాత ఏ రకం. అల్యూమినియం తేలిక, 5052 రకం రేకు టిగ్‌కు బాగా లొంగుతుంది. కానీ 650 డిగ్రీల లోపే కరుగుతుంది, పెట్రోలు మంట దాన్ని సులభంగా దాటుతుంది. మూలల గొడవ ఎలాగూ ఉంది. అచ్చుపోసిన పాలిథిలిన్ ట్యాంకుకు అతుకులు లేవు, దెబ్బకు వంగి మళ్లీ నిలబడుతుంది, ధర తక్కువ. ఇనుప పెట్టెలో కూచోబెట్టి వాడితే నా లెక్కలో అది రెండో స్థానం. చేతిలో డబ్బు లేనివాడికి నేను అదే చెబుతాను, ఇంటి రేకు ట్యాంకు మాత్రం చెప్పను. మొదటి స్థానం రబ్బరు సంచి: గట్టి దారంతో నేసిన గుడ్డకు రబ్బరు పట్టించి చేసిన సంచి, దాని చుట్టూ లోహపు పెట్టె, లోపల స్పాంజిలాంటి నురగ. పెట్టె నలిగినా సంచి మడత పడుతుంది, చిరగదు. అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ దీనికి ఎఫ్‌టీ 3-1999 అనే ప్రమాణం పెట్టింది. సంచి మీద తయారీ తేదీ అచ్చువేసి ఉంటుంది. ఆ తేదీ నుంచి 5 ఏళ్లు చెల్లుతుంది, తయారీదారు పరీక్షించి ఒప్పుకుంటే ఇంకో 2 ఏళ్లు.

ఆ తేదీ దగ్గరే జాగ్రత్త పడాలి. ఒక వ్యాపారి సగం ధరకు ఇస్తానన్నాడు. లేబులు ఫోటో పంపమంటే మూడు రోజులు తాత్సారం చేసి పంపాడు. మూడున్నరేళ్ల కింద చేసిన సంచి. మనం కొన్న రోజు నుంచి లెక్క కాదు, అది పుట్టిన రోజు నుంచి. వద్దన్నాం. కొత్తది తెప్పించడానికి తొమ్మిది వారాలు పట్టింది, సుంకంతో కలిపి లక్షన్నర దాటింది. సారుకు ఈ బండిలో ఇదే అన్నిటికంటే ఖరీదైన వస్తువు, ఇంజను పని కంటే ఎక్కువ. నేను కట్టి ఇచ్చే ట్యాంకైతే పది వేలలో అయ్యేది. నాకు రావలసిన పని నేనే పోగొట్టుకున్నానని మా ఇంట్లో అన్నారు. దానికి నేను చింతపడలేదు.

సంచి వచ్చేలోగా నురగ సంగతి తేల్చుకున్నాం. మనదగ్గర ఫిల్టర్ల కోసం అమ్మే నల్లటి స్పాంజి చూస్తే అచ్చం అలాగే ఉంటుంది, కిలోల లెక్కన దొరుకుతుంది. ముందుముందు నురగ మార్చాల్సి వస్తే పనికొస్తుందేమోనని అగ్గిపెట్టెలంత ముక్కలు కోసి, పంపు పెట్రోలు పోసిన గాజు సీసాలో వేసి, షెడ్డుకు దూరంగా నీడలో పెట్టాం. మొదటి వారం ఏమీ కాలేదు. రెండో వారం ముక్క ఉబ్బింది. మూడో వారం సీసా తిప్పితే అడుగున నల్లటి పిండి లేచింది, చిమటాతో పట్టుకుంటే తడిసిన బూందీలా విడిపోయింది. అదే కార్బొరేటరు జెట్టులోకి, అంటే పెట్రోలు పోయే సన్నటి రంధ్రంలోకి, పోతే బండి ట్రాకు మధ్యలో ఆగుతుంది. అసలు నురగ చేసే పని వేరు: పెట్రోలు ఒక పక్కకు ఉరకకుండా పట్టి ఉంచడం, లోపల నిప్పు పుట్టినా మంట పాకకుండా చిన్నచిన్న గదులుగా విడగొట్టడం. ఆ పని కోసం చేసిన నురగే వేయాలి. అది ట్యాంకులో నూటికి రెండు మూడు వంతుల చోటు తింటుంది, తిననీ.

బయటి పెట్టె మాత్రం నేనే కట్టాను. 1.2 మి.మీ. ఇనుప రేకు, మూలలు గుండ్రంగా వంచి, లోపల ఒక్క మొన కూడా తేలకుండా గ్రైండరు పట్టి, చివరికి నా అరచేత్తో అంతా తడిమి చూశాను. చేతికి గీసుకోనిది సంచికి గీసుకోదు. పెట్టెను తోక చివరినుంచి ముందుకు జరిపి, రెండు వెనక చక్రాల మధ్యకు తెచ్చాం. వెనకనుంచి గుద్దితే ముందు నలగడానికి ఇప్పుడు మూరెడు తోక ఖాళీగా ఉంది. యాక్సిలు వైపు మొనలు పైకి ఉన్న బోల్టులన్నీ తిప్పి, తలలు ట్యాంకు వైపు ఉండేలా బిగించాం.

బిగింపుకు చెవులు అతికించి బోల్టు వేయలేదు, దెబ్బ తగిలితే చెవి రేకును చింపుకుని పోతుంది. నాలుగు ఇనుప పట్టీలతో చుట్టి చాసిస్ గొట్టాలకు కట్టాం. 20 లీటర్ల పెట్రోలు 15 కిలోలు, సంచి, పెట్టె కలిపి 24 అనుకోండి. బరువుకు 25 రెట్ల తాకిడి వస్తే 600 కిలోలు. 8.8 గ్రేడు 8 మి.మీ. బోల్టు ఒక్కటే రెండు టన్నులు ఓర్చుకుంటుంది. కాబట్టి బోల్టుల గురించి బెంగ లేదు, పట్టీ పట్టుకున్న చాసిస్ గొట్టం గురించే చూసుకోవాలి. అక్కడ రెండు చోట్ల అడ్డ గొట్టాలు వేశాం. డ్రైవరుకు, ట్యాంకుకు మధ్య ఇనుప రేకు గోడ, సందులన్నీ మంటకు ఆగే సీలుతో మూసి. పాత బండిలో అక్కడ సీటు గుడ్డ తప్ప ఏమీ లేదు.

పెట్రోలు పోసే పొడుగు గొట్టం తీసేశాం. మూత నేరుగా సంచి పైపలక మీదే, దాని లోపల తనంతట మూసుకునే రెప్ప. పోసేటప్పుడు తోక రేకు ఎత్తాలి, అంతే. రబ్బరు సంచి కరెంటును పోనివ్వదు కాబట్టి పైపలక నుంచి చాసిస్‌కు ఒక రాగి తీగ వేసి, మీటరుతో చూసి ఒక ఓముకు తక్కువ వచ్చాకే వదిలాం. లేకపోతే పోసేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు దూకడానికి చోటు వెతుక్కుంటుంది.

ఇక గాలి పైపు. దీని మీద నాలుగు రోజులు పోయాయి, ఇక్కడే ఎక్కువ నేర్చుకున్నాం. సంచితో పాటు ఒక చిన్న కవాటం వస్తుంది. లోపల బంతి ఉంటుంది, బండి తలకిందులైతే బంతి జారి రంధ్రం మూస్తుంది. పెయింటు దుకాణంలో దొరికే టర్పెంటైన్ 15 లీటర్లు పోసి, పొద్దున్నే చల్లటి పూట షెడ్డు బయట, ట్యాంకును ఇంజను స్టాండుకు బిగించి తిప్పాం. తలకిందులు చేయగానే గాలి పైపు కొసనుంచి చుక్క. లెక్కపెడితే దాదాపు సెకనుకు ఒకటి. నిమిషానికి మూడు మిల్లీలీటర్లు అంటే తక్కువే అనిపిస్తుంది, వేడి సైలెన్సరు మీద పడితే ఒక్క చుక్కే చాలు. విప్పి చూస్తే మా తప్పే. చోటు సర్దుకోవడానికి కవాటాన్ని కాస్త వాల్చి బిగించాం. నిట్టనిలువుగా ఉంటేనే బంతి సరిగ్గా కూచుంటుంది. నిలువుగా మార్చాం, పది నిమిషాలు తలకిందులుగా ఉంచినా పైపు కొస పొడిగా ఉంది.

పిల్లగాడు అక్కడితో ఆగకుండా "పక్కకు పండవెట్టి సూద్దామన్నా" అన్నాడు. ఎడమ పక్కకు పడుకోబెట్టగానే పైపులోంచి ధారే వచ్చింది. బంతికి తలకిందులు తెలుసు, పక్కకు పడటం తెలియదు. దొర్లి గోడకు ఆనుకుని ఉండిపోతుంది, రంధ్రం తెరిచే ఉంటుంది. దీనికి మందు కవాటంలో లేదు, పైపు పోయే దారిలో ఉంది. కవాటం నుంచి పైపును ట్యాంకు పైన అడ్డంగా అవతలి పక్కకు తీసుకెళ్లి, అక్కడ అడుగుదాకా దించి, వెనకనుంచి మళ్లీ ఇవతలికి తెచ్చి, బండి కిందికి, సైలెన్సరు లేని వైపు వదిలాం. ఇప్పుడు ఏ పక్కకు పడినా పైపులో ఏదో ఒక భాగం పెట్రోలు మట్టం కంటే పైన ఉంటుంది. కుడికి, ఎడమకు, ముక్కు కిందికి, తోక కిందికి, తలకిందులు. అయిదు రకాలుగా, ఒక్కోటి పది నిమిషాలు. చుక్క లేదు. పిల్లగాడు ఆ మాట అనకపోతే నేను ఆ రోజే ట్యాంకు బండికి బిగించేవాణ్ణి.

ఎలక్ట్రిక్ పంపు పెట్టమని చాలామంది సారుకు చెప్పారు. నేను వద్దన్నాను. ఫియట్ ఇంజను మీద ఉన్న పాత పంపు ఇంజను తిరిగితేనే తిరుగుతుంది. బండి బోల్తాపడి ఇంజను ఆగిందా, పెట్రోలు ఆగింది. ఎలక్ట్రిక్ పంపైతే దెబ్బకు తెగే స్విచ్చు వేరే పెట్టాలి, అది పనిచేస్తుందని నమ్మాలి. దీనికి వెల కూడా ఉంది. పంపు ముందుంది, ట్యాంకు వెనకుంది, మధ్యలో పీల్పుడు పైపు పొడుగు. పీల్చే వైపు ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి పెట్రోలు త్వరగా ఆవిరవుతుంది. ఏప్రిల్ ఎండలో మొదటిసారి తోలినప్పుడు పదో నిమిషానికే ఇంజను దగ్గి ఆగిపోయింది. పైపు సైలెన్సరు వైపునుంచి వచ్చింది. అవతలి పక్కకు మార్చి, వేడి తగలకుండా తొడుగు వేశాం. ఇథనాల్‌కు ఓర్చే రబ్బరు పైపే వాడాం, అది కూడా రెండు కొసల దగ్గర జానెడు చొప్పున, మిగతాదంతా స్టీలు గొట్టం. అదే ఎండలో అరగంట తోలితే మళ్లీ ఆగలేదు.

చెన్నైలో సారు మూడు విడతలు తోలారు. నేనూ వెళ్లాను. మలుపుల్లో 6 లీటర్లకు దిగాక కూడా ఇంజను తడబడలేదు, నురగ తన పని చేసింది. తిరిగొచ్చాక ఫిల్టరు విప్పి తెల్లగుడ్డ మీద వంచి చూశాను, నలుసు లేదు. సంచి తయారీ నెల, సంవత్సరం, చెల్లే గడువు ఇనుప గోడ మీద, సీటులో కూచోబోయే మనిషికి ఎదురుగా కనిపించేలా, తెల్ల పెయింటుతో నా చేత్తోనే రాశాను. సారు కొడుకు కూడా ఆ బండి తోలతానంటున్నాడట.